అవ్వ ఫోటో ఏమైంది?

సెలవులు వచ్చాయి. దువ్వూరు నుంచి మీ కుటుంబం మూడు రోజుల విహారయాత్రకు బయలుదేరిందనుకుందాం. నాయన, అమ్మ, అవ్వ, అన్న, మీరు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు దాటి మొదటిరోజు గండికోట చేరారు. ఎర్రమల కొండలను కోసుకుంటూ పెన్నానది పారే ఆ లోయ అంచున నిలబడితే ఎవరికైనా ఒళ్ళు పులకరిస్తుంది. మీ అన్న చేతిలో డిజిటల్ కెమెరా ఉంది. ఇక ఆగుతాడా? కోటగోడలు, మాధవరాయస్వామి గుడి గోపురం, జుమ్మా మసీదు, ధాన్యాగారం, మళ్ళీ లోయ! సాయంత్రానికి 400 ఫోటోలయ్యాయి. అక్కడక్కడా తీసిన వీడియోలు అన్నీ కలిపితే 25 నిమిషాలు. ఆ ఫోటోలలో ఒకటి అవ్వది. కెమెరా చూస్తేనే కొంగు అడ్డం పెట్టుకొనే అవ్వ, ఆ రోజు బండమీద కూర్చొని, లోయవంక చూస్తూ హాయిగా నవ్వింది. అన్న చటుక్కున మీట నొక్కాడు.

రెండవరోజు బెలుం గుహలకు వెళ్ళారు. లోపలికి కాస్త దూరం నడిచారో లేదో, కెమెరా తెరమీద ఒక మాట కనిపించింది: "కార్డు నిండింది." వెనుక జనం తోసుకు వస్తున్నారు. "నిన్నటివి కొన్ని తీసేద్దాంలే" అంటూ అన్న ఆ మసక వెలుతురులోనే గబగబా 200 ఫోటోలు తుడిచేశాడు. వాటి స్థానంలో గుహల ఫోటోలు తీశాడు.

ఇంటికి వచ్చాక అవ్వ అడిగింది: "ఏదీ, నా ఫోటో చూపించు నాయనా!" వెతికారు. లేదు.

తప్పు అన్నది ఒక్కడిదే కాదు. బయలుదేరే ముందు ఎవరూ ఒక చిన్న లెక్క వేసుకోలేదు. మొదటిరోజు రాత్రి ఎవరూ ఒక చిన్న పని చేయలేదు. ఆ లెక్క ఏమిటో, ఆ పని ఏమిటో ఇప్పుడు చూద్దాం.

రీలు నుంచి కార్డు దాకా

మీ తాతల కాలంలో కెమెరాలో ఫిలిం రీలు వేసేవారు. సాధారణంగా ఒక రీలుకు 36 ఫోటోలు వచ్చేవి. అందుకని ప్రతి ఫోటోకూ ముందు ఆలోచించేవారు. రీలులో ఇంకా ఎన్ని మిగిలాయో అందరికీ గుర్తుండేది.

1975లో అమెరికాలో కొడాక్ సంస్థలో పనిచేస్తున్న స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు ఫిలిం అక్కరలేని కెమెరాను తయారుచేశాడు. అది దాదాపు మూడున్నర కిలోల బరువుండేది. దాని చిత్రంలో అడ్డంగా 100, నిలువుగా 100 చుక్కలు, అంటే మొత్తం 10,000 చుక్కలే ఉండేవి. ఆ చుక్కలనే పిక్సెళ్ళు అంటారు. ఒక్క చిత్రాన్ని మాగ్నెటిక్ టేపు క్యాసెట్‌పై నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది. చూశారా! డిజిటల్ కెమెరా పుట్టిన రోజునే "తీసిన చిత్రాన్ని ఎక్కడ దాచాలి?" అనే ప్రశ్న కూడా పుట్టింది.

ముందు వేయవలసిన లెక్క

డిజిటల్ ఫోటో అంటే నిజానికి అంకెల పట్టిక. ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో చెప్పే మూడు అంకెలుంటాయి. ఒక్కో అంకె దాచడానికి ఒక బైటు స్థలం కావాలి.

మీ అన్న కెమెరా 24 మెగాపిక్సెళ్ళది అనుకోండి. అంటే ఒక ఫోటోలో 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్ళు. దాన్ని మూడుతో గుణిస్తే 7 కోట్ల 20 లక్షల బైట్లు, అంటే 72 మెగాబైట్లు. కాని కెమెరా దాన్ని 'జేపెగ్' అనే పద్ధతిలో కుదించి, ఇంచుమించు 8 మెగాబైట్లకు తెస్తుంది. అది ఎలాగో తరువాత చూద్దాం.

అన్న కార్డు 8 గిగాబైట్లది, అంటే 8,000 మెగాబైట్లది. అందులో 1,000 ఫోటోలు పట్టాలి. మరి 400 ఫోటోలకే ఎందుకు నిండింది?

వీడియో వల్ల! మామూలు హై డెఫినిషన్ వీడియో సెకనుకు సుమారు 3 మెగాబైట్లు మింగుతుందనుకోండి. నిమిషానికి 180. అంటే 25 నిమిషాలకు 4,500 మెగాబైట్లు. 400 ఫోటోలకు 3,200. రెండూ కలిస్తే 7,700. మొదటిరోజు రాత్రికే కార్డులో మిగిలింది 300 మెగాబైట్లు, అంటే 37 ఫోటోల చోటు. ఈ కూడిక ఆ రాత్రే వేసి ఉంటే, మరునాడు గుహలో తొందర పడవలసిన పని ఉండేది కాదు గదా!

దువ్వూరు రైతులు కేసీ కాలువకు నీళ్ళు ఎన్నాళ్ళు వస్తాయో కనుక్కొనే నాటుకు దిగుతారు. మనమూ అంతే. ఎన్ని రోజులు, రోజుకు ఎన్ని ఫోటోలు, ఎన్ని నిమిషాల వీడియో? గుణించి చూసి, వచ్చినదానికి సగం అదనంగా కలుపుకొని, అందుకు తగిన కార్డులు తీసుకెళ్ళాలి. ఒకే పెద్ద కార్డు కంటే రెండు చిన్న కార్డులు మేలు. ఒకటి పోయినా రెండవది మిగులుతుంది.

72 కాస్తా 8 ఎలా అయింది?

జేపెగ్ పద్ధతి వెనుక ఉన్న గణితానికి 'వివిక్త కొసైన్ పరివర్తనం' అని పేరు. దాన్ని 1974లో ప్రకటించిన ముగ్గురు నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. వీరిలో నాసిర్ అహ్మద్ బెంగళూరులో పుట్టినవాడు. 1992లో ఈ గణితం ఆధారంగా జేపెగ్ ప్రమాణం ఏర్పడింది.

కెమెరా ఫోటోను అడ్డంగా 8, నిలువుగా 8 పిక్సెళ్ళుండే చిన్న గడులుగా విడగొడుతుంది. ఒక్కో గడిలో రంగు ఎంత నెమ్మదిగా, ఎంత వేగంగా మారుతున్నదో లెక్కకడుతుంది. మన కన్ను గుర్తించలేనంత సన్నని మార్పులను వదిలేసి, మిగిలినవాటినే దాస్తుంది. ఆకాశం ఉన్న గడిలో మార్పే ఉండదు. దానికి రెండు మూడు అంకెలు చాలు. గండికోట లోయలోని పగుళ్ళు బారిన రాతిగోడకు మాత్రం చాలా అంకెలు కావాలి. అందుకే ఒకే కెమెరాతో తీసినా, ఒక్కో ఫోటో ఒక్కో సైజులో ఉంటుంది.

గుహలో ఇంకో చిక్కుంది. వెలుతురు చాలనప్పుడు కెమెరా తన స్పందనను పెంచుకుంటుంది. అప్పుడు ఫోటోలో ఇసుక చల్లినట్టు రవ్వలు కనిపిస్తాయి. పాపం కెమెరాకు ఆ రవ్వలు కూడా 'వివరాలు'గానే తోస్తాయి! వాటిని దాచడానికి మరింత స్థలం ఖర్చవుతుంది. చీకటిలో తీసిన ఫోటోలు ఎక్కువ చోటు తినడానికి కారణం ఇదే.

మీరే చేసి చూడండి

మీ ఇంట్లో కెమెరా గాని, మొబైల్ ఫోను గాని తీసుకోండి. పగటి వెలుతురులో సున్నం కొట్టిన తెల్లగోడను ఒక ఫోటో తీయండి. తరువాత దగ్గరగా నిలబడి చింతచెట్టు కొమ్మలను, ఆరబోసిన వేరుశనక్కాయలను తీయండి. మూడు ఫోటోల 'వివరాలు' తెరిచి, ఎన్నెన్ని మెగాబైట్లున్నాయో నోటుపుస్తకంలో రాసుకోండి. ఏది చిన్నది? ఏది పెద్దది? ఎందుకు?

కార్డు లోపల ఏముంది?

గోరంత కార్డులో ఉండేది 'ఫ్లాష్ మెమరీ'. జపాన్‌లోని తోషిబా సంస్థలో ఫుజియో మసువోకా 1980ల్లో దీన్ని కనిపెట్టాడు. సిలికాన్ పలకమీద కోట్లకొలది అతిచిన్న గదులుంటాయి. ప్రతి గది చుట్టూ విద్యుత్తును పోనివ్వని పొర ఉంటుంది. ఎలక్ట్రాన్లను ఆ గదిలోకి పంపి బంధిస్తే ఒక అర్థం, ఖాళీగా ఉంచితే ఇంకో అర్థం. ఈ రెంటితోనే 0, 1 అనే అంకెలు రాస్తారు. కెమెరా ఆపేసినా, బ్యాటరీ తీసేసినా ఎలక్ట్రాన్లు ఆ గదుల్లోనే ఉంటాయి. మన 8 గిగాబైట్ల కార్డులో ఇలాంటి 0, 1 లు 6,400 కోట్లు పడతాయి.

కాని ఈ బందిఖానా శాశ్వతం కాదు. వేడి పెరిగితే ఎలక్ట్రాన్లు తప్పించుకోవడం సులభమవుతుంది. కడప జిల్లా ఎండల్లో తలుపులు మూసిన కారులో కార్డును, కెమెరాను వదిలేయకండి. ఎర్రదీపం వెలుగుతుండగా కార్డును బయటికి లాగకండి. అప్పుడు కెమెరా రాస్తూ ఉంటుంది. మధ్యలో లాగితే ఆ ఒక్క ఫోటోయే కాదు, ఏ ఫోటో ఎక్కడ ఉందో చెప్పే పట్టిక కూడా పాడుకావచ్చు.

తుడిచిన ఫోటో ఎక్కడికి పోతుంది?

ఈ పట్టిక సంగతి కాస్త గమనించండి. గ్రంథాలయంలో పుస్తకాల జాబితా ఉంటుంది. జాబితాలో ఒక పేరు కొట్టివేసినంత మాత్రాన పుస్తకం అరలోంచి మాయం కాదు గదా! కెమెరా కార్డులో కూడా సాధారణంగా అంతే. మనం 'తుడిచినప్పుడు' కెమెరా పట్టికలో ఆ ఫోటో పేరు కొట్టివేస్తుంది. "ఈ చోటు ఖాళీ" అని గుర్తు పెట్టుకుంటుంది. అంకెలు అలాగే ఉంటాయి. వాటిపై కొత్త ఫోటో రాసినప్పుడే పాతది నిజంగా పోతుంది.

కాబట్టి పొరపాటున తుడిచేస్తే వెంటనే ఫోటోలు తీయడం ఆపాలి. ఆ కార్డు బయటికి తీసి, భద్రంగా దాచాలి. ఇంటికి వచ్చాక కంప్యూటరులో 'ఫోటోరెక్' వంటి ఉచిత ప్రోగ్రాముతో వెతికితే తిరిగి దొరికే అవకాశం చాలా ఉంది. అన్న 200 ఫోటోలు తుడిచిన మాట నిజమే. కాని అవ్వ ఫోటోకు అసలు చేటు తెచ్చింది, ఆ తరువాత అదే కార్డుపై తీసిన గుహల ఫోటోలు!

రాత్రి చేయవలసిన పని

ఇది పావుగంట పని. బసకు చేరి కాళ్ళు కడుక్కోగానే చేయండి.

ఒకటి: కార్డును కార్డు రీడరులో పెట్టి, ఆ రోజు ఫోటోలను ల్యాప్‌టాపులోకి ఎక్కించండి. ల్యాప్‌టాపు లేకపోతే ఓటీజీ ఉన్న మొబైల్ ఫోను చాలు. ముందే అందులో చోటు ఉందో లేదో చూసుకోండి.

రెండు: రోజుకొక ఫోల్డరు చేసి, దానికి తేదీ, ఊరు పేరు పెట్టండి. ఎందుకంటే చాలా కెమెరాలు ఫోటోలకు నాలుగు అంకెల వరుస సంఖ్య ఇస్తాయి. 9999 తరువాత మళ్ళీ 0001 వస్తుంది. అన్నీ ఒకే ఫోల్డరులో పోస్తే, కొత్త 0001 వచ్చి పాత 0001 మీద కూర్చునే ప్రమాదముంది.

మూడు: అసలులో ఎన్ని ఫోటోలున్నాయో, నకలులో ఎన్ని ఉన్నాయో సరిపోల్చండి. మధ్య మధ్య కొన్నింటిని తెరిచి చూడండి.

నాలుగు: పెన్ డ్రైవులో ఇంకో నకలు తీసి, దాన్ని వేరే సంచిలో పెట్టండి. రెండు నకళ్ళూ ఒకే సంచిలో ఉంటే, సంచి పోయినప్పుడు రెండూ పోతాయి.

ఇవన్నీ అయ్యాక కూడా, వేరే కార్డు ఉంటే పాతదాన్ని తుడవకపోవడమే మంచిది.

"ఇంత శ్రమ ఎందుకు? ఇంటర్నెట్‌లోకి పంపేస్తే సరి" అని మీరు అనవచ్చు. లెక్కవేద్దాం. 8 గిగాబైట్లు అంటే 64,000 మెగాబిట్లు. మీరున్నచోట సెకనుకు 5 మెగాబిట్లే పంపగలిగితే 12,800 సెకన్లు, అంటే మూడున్నర గంటలకు పైగా పడుతుంది! అదే మంచి ఫోటోలు 20 ఏరి పంపితే నాలుగున్నర నిమిషాల లోపే అయిపోతుంది. కాబట్టి రోజూ ఏరినవి పంపండి. మిగిలినవి ఇల్లు చేరాక చూసుకోవచ్చు.

వృత్తి ఫోటోగ్రాఫర్లు పాటించే '3-2-1' నియమం కూడా ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలలో, ఒకటి వేరేచోట. గింజలన్నీ ఒకే గాదెలో పోయకుండా విత్తనాలు వేరుగా కట్టిపెట్టుకునే రైతుకు ఈ నియమం ఎవరూ నేర్పనక్కరలేదు.

ఇక మీ వంతు. తరువాతి ప్రయాణంలో కెమెరా అన్న చేతిలోనే ఉండనివ్వండి. లెక్క మాత్రం మీరు చూసుకోండి. ఆ రాత్రి అందరూ నిద్రపోయే ముందు "ఈ రోజు ఫోటోలు రెండుచోట్ల ఉన్నాయా?" అని అడగండి. తిరిగి వచ్చాక ప్రొద్దుటూరులో ఏదైనా స్టూడియోలో అవ్వ ఫోటోను కాగితంపై వేయించి, ఆమె చేతికి ఇవ్వండి. అది కూడా ఒక ప్రతే. పైగా దాన్ని చూడటానికి అవ్వకు ఏ కార్డూ, ఏ కరెంటూ అక్కరలేదు.