ఏడు గంటల బ్యాచ్‌కి సరిపోయే జుట్టు

‘‘మేడం, తిరుపతి వెళ్లొచ్చారా?’’

పొద్దున్నే క్లాసులో మొదటి వరసలో కూర్చున్న కుర్రాడు అడిగాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు. ప్రసాదం ఉందేమోనన్న ఆశ కూడా కనిపించింది ఆ కళ్లలో. లేదు నాయనా, తిరుపతి వెళ్లలేదు, సందు చివర పార్లర్‌కి వెళ్లాను అని చెప్పలేక నవ్వి ఊరుకున్నా. ముందురోజు సాయంత్రమే నా నడుము దాటిన జుట్టుని గడ్డం దాకా కత్తిరించుకున్నా మరి. కత్తిరించుకున్నానని నేననుకుంటున్నా గానీ, అద్దంలో చూస్తే తల మీద ఎవరో కొబ్బరిపీచు బోర్లించినట్టుంది.

నేను మైత్రీవనం వెనక సందుల్లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతాను. అమీర్‌పేట సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడ మొదటి బ్యాచ్ పొద్దున ఏడింటికి. తొమ్మిదికల్లా ఉద్యోగాలకి వెళ్లాల్సినవాళ్లు కూర్చుని ఉంటారు, ఒక్క నిమిషం ఆలస్యమైనా గడియారం వంక చూస్తారు. అంటే నేను ఐదున్నరకి లేవాలి, స్కూటీ మీద ఆరూ నలభైకి ఎస్సార్‌నగర్‌లో బయల్దేరాలి. ఈ లెక్కలో జుట్టుకి కేటాయించిన సమయం ఎప్పుడూ సరిపోలేదు.

నాది ఒత్తు జుట్టు. పైగా అలలు తిరిగిన జుట్టు. ఉంగరాలూ కాదు, సాఫీ కూడా కాదు, మధ్యరకం. ‘జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది’ అని మా అమ్మ చిన్నప్పట్నుంచీ మురిసిపోయేది. ఆ సామెత చెప్పినవాళ్లెవరూ ట్యాంకర్ నీళ్లతో తలంటుకుని ఉండరు. వేసవిలో మా అపార్టుమెంట్‌లో నీళ్లు ఎప్పుడొస్తాయో తెలీదు, వచ్చినా ఒక్కోసారి మంజీరా, ఒక్కోసారి బోరు. కుంకుడు రసమైనా షాంపూ అయినా రెండు మూడు బకెట్లు పోస్తే గానీ జిడ్డు వదలదు. తడిసిన వెంట్రుక తన బరువులో దాదాపు మూడో వంతు నీళ్లు పీల్చుకుంటుందట. తల మీద సుమారు లక్ష వెంట్రుకలు, అన్నీ దట్టంగా, అన్నీ నడుము దాకా. ఫ్యాన్ కింద నాలుగు గంటలు కూర్చున్నా మెడ దగ్గర తడి అలాగే ఉండేది. ఆ తడి మీదే జడ వేసుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకుని బయల్దేరితే మధ్యాహ్నానికి తలనొప్పి, ఒక రకమైన ముక్క వాసన. వారానికి ఒక ఆదివారం పూర్తిగా జుట్టుకే రాసిచ్చాను, పదిహేనేళ్లుగా.

ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఇది నా కష్టం కాదు, అమ్మ కష్టం. తలంటు, సాంబ్రాణి, చిక్కు తీయడం, జడ, అన్నీ తనే. నేను గోడకి ఆనుకుని పుస్తకం చదువుకునేదాన్ని. తనకి కుడి భుజం పట్టేసినప్పటి నుంచి చెయ్యి పైకి లేవడం లేదు. అయినా ఫోన్‌లో మొదటి ప్రశ్న ‘తలకి నూనె రాసుకున్నావా?’ అనే.

అందుకే కత్తిరించుకునే ముందు తనకి చెప్పలేదు. చెబితే జరగదని తెలుసు.

మొదటి పార్లర్ పేరు చెప్పను. అమీర్‌పేటలో నాలుగడుగులకో పార్లర్, ఏదైతేనేం. ఫోన్‌లో ఒక కొరియన్ నటి ఫోటో చూపించాను, గడ్డం దాకా తళతళలాడే బాబ్ కట్. తప్పు అక్కడే మొదలైంది, ఆ తప్పు నాది. ఆ అమ్మాయి జుట్టు వర్షం చినుకుల్లా నిటారుగా దిగుతుంది, నాది గోదారి కెరటంలా తిరుగుతుంది. పార్లర్ అమ్మాయి తల బాగా తడిపి, దువ్వి, సాగదీసి, గడ్డం దగ్గర గీత గీసినట్టు కత్తిరించింది. ‘బాగా ఒత్తుగా ఉంది మేడం, కొంచెం పల్చన చేస్తా’ అని పళ్ల కత్తెర తీసి పైనుంచి కింది దాకా కరకర లాగించింది. తడిగా ఉన్నంతసేపూ బ్రహ్మాండంగా ఉంది. ఇంటికెళ్లేసరికి ఆరింది. ఆరేసరికి రెండంగుళాలు పైకి లేచి, చెవుల పక్కన గొడుగులా విచ్చుకుంది.

తర్వాత తెలుసుకున్నాను ఎందుకిలా అవుతుందో. వెంట్రుకకి ఆకారం ఇచ్చే బంధాల్లో కొన్ని నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరితే మళ్లీ కలుస్తాయి. వాటిని హైడ్రోజన్ బంధాలంటారు. తడిసినప్పుడు అల సాగిపోయి నిటారుగా కనిపిస్తుంది, ఆరాక తన మలుపు తను తిరుగుతుంది, పొడవు తగ్గిపోతుంది. పొడుగు జుట్టుకి కిందికి లాగే బరువుంటుంది కాబట్టి ఇది పెద్దగా తెలియదు. బరువు తీసేస్తే అల స్ప్రింగులా ఎగురుతుంది. ఇక పళ్ల కత్తెర సంగతి. అది లోపల వందలకొద్దీ పొట్టి వెంట్రుకలు మిగులుస్తుంది. సాఫీ జుట్టులో అవి అణిగి ఉంటాయి. అలల జుట్టులో పైన ఉన్నవాటిని బయటికి తోస్తాయి. పల్చన చేయబోయి రెట్టింపు చేయడమంటే ఇదే.

మర్నాడు వెళ్లి అడిగితే అక్కడ దొరికిన పరిష్కారం స్మూథెనింగ్. కొన్ని వేల రూపాయలు, మూడు నాలుగు గంటలు. ‘ఇంక ఆర్నెల్లు చూసుకోనక్కర్లేదు మేడం.’ నేను ఒప్పుకోలేదు. డబ్బు ఒక కారణం. ఇంకోటి, ఈ రకం మందుల్లో కొన్ని వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరి వదులుతాయి. అది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఎప్పుడో తేల్చింది. దానికి బదులు గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉన్నవి వచ్చాయి. అలాంటి క్రీముతో జుట్టు సాఫీ చేయించుకున్న ప్రతిసారీ, మొత్తం మూడుసార్లు, కిడ్నీలు దెబ్బతిన్న ఒక యువతి గురించి 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. చేయించుకున్న అందరికీ అవుతుందని కాదు. నా జుట్టు చేసిన నేరానికి నా కిడ్నీలెందుకు పూచీ పడాలి అనిపించింది, అంతే.

అసలు మనవైపు ఆడవాళ్ల తల మీద కత్తెర పడటానికి పాతరోజుల్లో రెండే కారణాలు. ఒకటి దేవుడు, రెండోది చావు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి కొన్ని కులాల్లో భర్త పోయిన ఆడపిల్లకి గుండు తప్పదు. ఆ భయం ఇప్పటికీ మా అమ్మమ్మ తరం గొంతులో ఎక్కడో ఉంది. దేవుడి సంగతి వేరు. తిరుమల కల్యాణకట్టలో గుండు ఇచ్చేవాళ్లు ఇస్తారు, ఇవ్వలేని ఆడవాళ్లు ‘మూడు కత్తెర్లు’ ఇస్తారు. అలా వచ్చిన తలనీలాల్ని పొడవుని బట్టి రకాలుగా విడదీసి టీటీడీ వేలంలో అమ్ముతుంది. ఊళ్లలో దువ్వెనకి చిక్కిన జుట్టుకి కూడా స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు తిరుగుతుంటారు. ఇంత విలువైన వస్తువుని, మొక్కు లేకుండా, ఎవరూ పోకుండా, కేవలం పొద్దున్నే టైం చాలట్లేదని కత్తిరించుకోవడం ఏమిటని జనానికి ఆశ్చర్యం. ఆ కుర్రాడి తప్పేం లేదు.

జుట్టు నెలకి ఒక సెంటీమీటరు, మహా అయితే కాస్త ఎక్కువ పెరుగుతుంది. మూడు నెలలు హెయిర్‌బ్యాండ్ పెట్టుకుని, చున్నీ కప్పుకుని తిరిగాను. అమ్మతో వీడియో కాల్ మానేసి మామూలు కాల్స్ చేశాను. నెట్‌వర్క్ బాలేదని చెప్పాను. అమీర్‌పేట నడిబొడ్డున నెట్‌వర్క్ లేదంటే నమ్మింది చూడండి, అది అమ్మంటే.

పంజాగుట్ట ఆవిడ సంగతి నాకు చెప్పింది మా ఇన్‌స్టిట్యూట్ రిసెప్షన్‌లో పనిచేసే అమ్మాయి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్ వైపు మరుసటి స్టేషనే పంజాగుట్ట. ద్వారకాపురి కాలనీ వైపు ఒక సందులో, మొదటి అంతస్తులో, రెండే కుర్చీలున్న పార్లర్. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. నేను ఫోన్ తీసి కొత్త ఫోటో చూపించబోతే చేత్తో ఆపింది.

‘‘ఫోను లోపల పెట్టు బిడ్డా. ఫోటోల పిల్ల జుట్టు ఆ పిల్లది. నువ్వు రేపు పొద్దుగాల లేవంగనే, దువ్వుకోకముందు, నీ ఫోటో తీస్కో. గది పట్టుకరా.’’

ఆరోజు కత్తెర ముట్టుకోలేదు, ప్రశ్నలే. వారానికి ఎన్నిసార్లు తలకు పోస్కుంటవ్? ఇంట్ల మంజీరానా, బోరా? ఫ్యాన్ కింద ఆరబెడ్తవా, గట్లనే ఉర్కుతవా? హెల్మెట్ పెడ్తవా? నూనె పెట్టకుంటే ఊకుంటదా మీ అమ్మ? చివరి ప్రశ్నకి నేను నవ్వాను, ఆవిడ నవ్వలేదు. ‘‘అట్ల కాదు, నూనె పెట్టే జుట్టుకు ఓ తీరు కోస్త, పెట్టనిదానికి ఓ తీరు కోస్త’’ అంది.

రెండోరోజు ముందు రాత్రి తలంటుకుని, నూనె లేకుండా, పూర్తిగా ఆరిన జుట్టుతో రమ్మంది. పొడిగానే కత్తిరించింది. ఒక్కో పాయా పట్టుకుని, అల ఎక్కడ తిరుగుతోందో చూసి, మలుపు కిందికి దిగిన చోట కోసింది. పైనున్న జుట్టుని అసలు పల్చన చేయలేదు. మెడ వెనకా, చెవుల కిందా, లోపలి పొర మాత్రం దువ్వెన మీద కత్తెర ఆడించి బాగా పొట్టిగా తీసింది. బరువు తగ్గాల్సింది అక్కడేనట, పైన కాదు. పైన నాలుగంగుళాలు వదిలింది. పక్కల చెవి సగం కప్పేలా, ముందు చెంప ఎముక దాకా. నుదుటి మీద పడేలా కత్తిరించమంటే ఒప్పుకోలేదు. ‘హెల్మెట్ తీసినంక అవి కొమ్ములు లేస్తయ్’ అంది. ముప్పావుగంటయ్యాక నీళ్లు చల్లి, తువ్వాలుతో అద్ది, ఆరనిచ్చి, మళ్లీ రెండుచోట్ల సరిచేసింది.

1960ల్లో లండన్‌లో విడాల్ ససూన్ అనే ఆయన ఇదే పట్టుదలతో పేరు తెచ్చుకున్నాడు. రోలర్లూ స్ప్రేలూ లేకుండా, కడిగి విదిలిస్తే జుట్టు తన చోట తను పడేలా కత్తిరింపులోనే ఉండాలని. ఆయన పేరు ఆవిడ విన్నదో లేదో నేనడగలేదు.

ఇప్పుడు నా పొద్దున్న ఇలా ఉంటుంది. తలస్నానానికి అర బకెట్. షాంపూ రూపాయి ప్యాకెట్‌లో సగం మిగిలిపోతుంది. తడిమీదే వెడల్పు పళ్ల దువ్వెనతో ఒకసారి, కండిషనర్ బఠానీ గింజంత. పాత కాటన్ టీషర్టుతో అద్దుకోవడం, రుద్దడం లేదు. రుద్దితే అలలు విడిపోయి పీచవుతుంది. కాఫీ తాగేసరికి సగం ఆరుతుంది, మిగతా సగం స్కూటీ మీద. ఆరాక దువ్వెన ముట్టుకోను. హెల్మెట్ తీసి వేళ్లతో రెండుసార్లు పైకి లేపితే చాలు. అంతా కలిపి పది నిమిషాలు.

అయితే పొట్టి జుట్టంటే పనిలేని జుట్టు అని ఎవరైనా చెబితే పూర్తిగా నమ్మకండి. పొడుగు జుట్టుని ఆర్నెల్లు పట్టించుకోకపోయినా జడలో దాచేయొచ్చు. దీన్ని దాచే చోటు లేదు. ఏడెనిమిది వారాలకి మెడ వెనక గుబురు లేస్తుంది, వెళ్లి తీయించుకోవాల్సిందే. ఏడాదికి లెక్కేస్తే పాత ఖర్చు కంటే ఎక్కువే. ఎండాకాలంలో వంటింట్లో ముడేసుకుందామంటే చేతికి ఏమీ దొరకదు. మల్లెపూల కాలంలో మూర కొనబోయి ఆగిపోయాను, ఎక్కడ పెట్టుకోను? ఆ ఒక్కరోజు మాత్రం బెంగగా అనిపించింది. చెంప పక్కన క్లిప్పుతో నాలుగు పూలు గుచ్చి ఊరుకున్నా.

అమ్మ గత నెల వచ్చింది. బస్సు దిగి నన్ను చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆటోలో అడిగింది, ‘ఏమే, మనకేమైనా మొక్కుందా?’ అని. లేదన్నాను. ఇంటికొచ్చి అన్నం తిన్నాక దగ్గరికి రమ్మని, ఎడమచేత్తో నా తల నిమిరింది. మెడ వెనక పొట్టి వెంట్రుకల్ని పైకీ కిందికీ రెండుసార్లు తడిమి చూసింది. నూనె సీసా అడగలేదు.

మర్నాడు నేను క్లాసు ముగించుకుని వచ్చేసరికి మంచం మీద కూర్చుని ఉంది. తన జుట్టు తనే ముడేసుకోవడానికి చెయ్యి సగం లేపి, దించేసి, మళ్లీ లేపుతోంది. నన్ను చూసి ఆపేసింది.

‘‘ఎంత తీసుకుందే ఆవిడ?’’

చెప్పాను.

‘‘ఆదివారం తెరిచే ఉంటుందా?’’