201 ఎపిసోడ్లలో ఒకే ఒక్క క్లిప్ షో.. 'ది ఆఫీస్' ఫ్యాన్స్‌ను 'ది బ్యాంకర్' ఎందుకు నిరాశపరిచింది?

'ది ఆఫీస్'.. కామెడీ సిరీస్‌లు చూసేవాళ్లకు పరిచయం అక్కర్లేని పేరు. 2005 మార్చి 24న అమెరికాలోని ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలై, 2013 మే 16న ముగిసింది. మొత్తం 9 సీజన్లు, 201 ఎపిసోడ్లు. సిరీస్ చూడనివాళ్లు కూడా మైఖేల్ స్కాట్, డ్వైట్ ముఖాలను మీమ్స్‌లో చూసే ఉంటారు. కానీ ఇంత పెద్ద హిట్‌లోనూ ఫ్యాన్స్ 'ఇది స్కిప్ చేసెయ్' అని చెప్పుకునే ఎపిసోడ్ ఒకటుంది. అదే ఆరో సీజన్‌లో వచ్చిన 'ది బ్యాంకర్'. విచిత్రం ఏంటంటే, ఇందులో కనిపించే సీన్లలో చాలావరకు జనం అంతకుముందు పగలబడి నవ్వినవే. మరి తేడా ఎక్కడ కొట్టింది?

ఆరు వారాల సస్పెన్స్

పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్క్రాంటన్ అనే ఊళ్లో డండర్ మిఫ్లిన్ అనే పేపర్ కంపెనీ బ్రాంచ్. అక్కడి ఉద్యోగుల మీద ఎవరో డాక్యుమెంటరీ తీస్తున్నట్టుగా ఈ సిరీస్ నడుస్తుంది. మేనేజర్ మైఖేల్‌గా స్టీవ్ కారెల్ నటించాడు.

2009 డిసెంబర్ 10న వచ్చిన 'సీక్రెట్ శాంటా' ఎపిసోడ్‌లో పెద్ద బాంబు పేలింది. కంపెనీని అమ్మేస్తున్నారని తెలిసింది. కొనేది ఎవరు? స్క్రాంటన్ బ్రాంచ్ ఏమవుతుంది? 'మన కంపెనీ చేతులు మారుతోందట' అన్న గుసగుస ఆఫీసులో ఒక్కసారైనా విన్నవాళ్లకు ఆ టెన్షన్ ఎలా ఉంటుందో తెలుసు. ప్రేక్షకులు ఆరు వారాలు ఎదురుచూశారు. 2010 జనవరి 21న వాళ్లకు దొరికింది 'ది బ్యాంకర్'.

ఇంతకీ ఎపిసోడ్‌లో ఏముంది?

కొనే కంపెనీ తరఫున ఒక బ్యాంకర్ బ్రాంచ్‌కి వస్తాడు. 'బ్రేకింగ్ బ్యాడ్'లో గేల్‌గా చేసిన డేవిడ్ కోస్టాబైల్‌దే ఈ పాత్ర. హెచ్ఆర్ చూసే టోబీని కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్నా అడుగుతుంటాడు. బయట మైఖేల్ తన బ్రాంచ్‌ని గొప్పగా చూపించాలని నానా హడావిడి చేస్తాడు. డ్వైట్ అయితే ఏకంగా 'కంప్యూట్రాన్' అనే కంప్యూటర్‌లా మాట్లాడతాడు.

ఐడియా బాగుంది కదా? కానీ టోబీ జవాబు మొదలుపెట్టగానే పాత సీన్లు వరుసకడతాయి. కొత్త కథ కాసేపు, మళ్లీ పాత సీన్లు. ఉద్యోగాల సంగతి తేలుతుందని కూర్చున్నవాళ్లకు, అప్పటికే చూసేసినవే మళ్లీ చూపించారు.

క్లిప్ షో అంటే..

ఇలా పాత సీన్లను అతికించి చేసే ఎపిసోడ్‌ను 'క్లిప్ షో' అంటారు. కొత్తగా షూట్ చేయాల్సింది తక్కువ కాబట్టి ఖర్చు, టైమ్ రెండూ కలిసొస్తాయి. 1989లో 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' టీమ్ బడ్జెట్ సరిపోక 'షేడ్స్ ఆఫ్ గ్రే' తీసింది ఇలాగే. 'ఫ్రెండ్స్', 'సైన్‌ఫెల్డ్' కూడా క్లిప్ షోలు చేశాయి. టీవీలో వచ్చినప్పుడు మిస్సయితే మళ్లీ చూసే దారి లేని రోజుల్లో ఇది ప్రేక్షకులకూ ఉపయోగపడేది. ఇప్పుడు వరుసగా ఎపిసోడ్లు చూసేవాళ్లకు మాత్రం, నిన్న రాత్రి చూసిన సీనే ఇవాళ మళ్లీ కళ్లముందుకొస్తుంది.

అసలు దెబ్బ ఇక్కడే

'ది ఆఫీస్'లో వెనకాల నవ్వుల సౌండ్ ఉండదు. ఎవరో ఒక తిక్క మాట అంటారు, గది అంతా సైలెంట్ అయిపోతుంది, జిమ్ మెల్లగా కెమెరా వైపు చూస్తాడు. నవ్వు పుట్టేది ఆ గ్యాప్‌లోనే. 'స్ట్రెస్ రిలీఫ్' ఎపిసోడ్‌లో డ్వైట్ ఫైర్ సేఫ్టీ నేర్పిస్తానంటూ నిజంగానే మంట పెడతాడు. తలుపులు తెరుచుకోక, పొగ పెరిగి, ఒక్కొక్కరూ కంగారుపడుతుంటేనే ఆ సీన్ పేలింది. అలాంటి సీన్‌ను కొన్ని సెకన్లకు కత్తిరిస్తే అరుపులు మిగులుతాయి, కామెడీ పోతుంది.

ఇదే ఎన్‌బీసీలో 2011లో 'కమ్యూనిటీ' సిరీస్ ఈ ఫార్మాట్‌నే ఆటపట్టించింది. 'పారడైమ్స్ ఆఫ్ హ్యూమన్ మెమరీ' ఎపిసోడ్‌లో పాత్రలు పాత జ్ఞాపకాలు తలుచుకుంటాయి. కానీ ఆ క్లిప్పుల్లో దాదాపు అన్నీ ప్రేక్షకులు ఎప్పుడూ చూడనివే! అంటే తప్పు ఫార్మాట్‌ది కాదు. కొత్తగా ఏమీ ఇవ్వకపోవడమే సమస్య.

మరి చూడాలా, వద్దా?

మొదటిసారి సిరీస్ చూస్తుంటే దీనితో మాత్రం మొదలుపెట్టొద్దు. సస్పెన్స్ ముందే తెలిసిపోతుంది. వరుసగా చూస్తూ ఇక్కడిదాకా వచ్చారా? బ్యాంకర్, టోబీ, కంప్యూట్రాన్ సీన్లు చూసి, పాత క్లిప్పులు వచ్చినప్పుడు ముందుకు జరపండి. కథలో ఏమీ మిస్ కారు. డండర్ మిఫ్లిన్‌ను కొన్నది ఎవరు, వచ్చాక ఆఫీసులో ఏం మార్చారు అనేది 2010 ఫిబ్రవరి 4న వచ్చిన తర్వాతి ఎపిసోడ్ 'సేబర్'లో ఉంటుంది. ఆరు వారాలు ఆగినవాళ్లు ఆ జవాబు కోసం ఇంకో రెండు వారాలు ఆగాల్సి వచ్చింది. మీకైతే ఒక్క క్లిక్ చాలు.