చెరువులో కొరమీను: గాలపు వేటగాండ్రకు కొన్ని సూచనలు

మృగశిర కార్తె ప్రవేశించిన నాడు చేప తినవలెనను ఆచారము మన పల్లెలలో, ముఖ్యముగా తెలంగాణములో, నేటికిని గట్టిగా నిలిచియున్నది. ఆనాడు అంగడిలో కొరమీనుకు ఉన్నంత గిరాకి మరి ఏ చేపకును ఉండదు. బొచ్చె, రోహుల ధర ఎంత ఉన్నను, ప్రాణముతో ఎగిరిపడు కొరమీను ధర దానికి మించియే యుండును. ముళ్ళు తక్కువ, కండ గట్టి, రుచి వేరు. నీటి నుండి తీసిన తరువాత కూడ ఒడలు తడిగా ఉంచినచో గంటల తరబడి బ్రతికియుండును. తెలంగాణ రాష్ట్రపు చేపగా ఎన్నుకొనబడినదియు ఇదియే.

ఇట్టి చేపను అమ్మకము కొరకు గాక, వినోదము కొరకు గాలముతో పట్టు అలవాటు ఇటీవల మన యువకులలో పెరుగుచున్నది. ఆదివారము తెల్లవారుజామున మోటారు సైకిళ్ళకు గడలు కట్టుకొని చెరువు కట్టలకు వచ్చువారిని మీరును చూచియే యుందురు. ఇది మంచి వినోదమే. ఓర్పు నేర్పును, ఖర్చు తక్కువ, ఊరి చెరువును గురించి తెలియని సంగతులు తెలియవచ్చును. కాని తెలిసి వేయు గాలము వేరు, తెలియక వేయు గాలము వేరు. తెలియక వేసిన ఒక్క గాలము ఒక చెరువులోని వేల పిల్లలను ఎట్లు నాశనము చేయునో నేను స్వయముగా చూచితిని. ఆ సంగతి తరువాత చెప్పుదును. ముందు చేపను గురించి తెలిసికొందము.

కొరమీను తక్కిన చేపలవలె కేవలము మొప్పలతో బ్రతుకదు. మొప్పలకు పైభాగమున గాలి పీల్చుటకు ప్రత్యేకమైన అవయవ మొకటి దానికి గలదు. కావున అది తరచు నీటిపైకి వచ్చి ఒక గుటక గాలి మ్రింగి తిరిగి మునుగును. దానిని పైకి రానీయక నీటి అడుగుననే వలలో బిగించి ఉంచినచో, నిండు చెరువులో ఉండియు ఊపిరాడక చచ్చును! ఎండకాలమున చెరువు ఎండినప్పుడు బురదలో దూరి వానల వరకు ప్రాణము నిలుపుకొనుటయు, వాన రాత్రులలో తడి నేలపై ప్రాకి ఒక మడుగు నుండి వేరొక మడుగునకు పోవుటయు ఈ శక్తివలననే.

వేటగానికి ఈ గుటకయే మొదటి జాడ. ఉదయము గాలి లేని వేళ కట్టపై నిలిచి పది నిమిషములు ఊరక చూడవలెను. తుంగ అంచున, కలువ ఆకుల సందులలో ‘గుబ్’మని చిన్న శబ్దము, వెంటనే రెండు మూడు బుడగలు కనబడినచో అక్కడ కొరమీను ఉన్నదని గ్రహింపవలెను. కొత్తవారు రాగానే గాలము విసరుదురు. చూచుటకు ఓపిక లేనివాడు ఎంత విలువగల గడ కొన్నను ప్రయోజనము లేదు.

అది నడిచెరువులో తిరుగు చేప కాదు. నాచు, తుంగ, కలువ, నీట మునిగిన తుమ్మచెట్ల మొదళ్ళు, కట్ట రాళ్ళ సందులు, వాగు నీరు చెరువులో కలియు చోటు, ఇవి దాని స్థానములు. కప్ప, చిన్న చేప, రొయ్య, తూనీగ, ఏది కదలినను మాటువేసి ఒక్కపెట్టున పట్టును. తెల్లవారుజామున, ప్రొద్దు క్రుంకు వేళను చురుకుగా ఉండును. నడి ఎండలో చిక్కని ఆకుల నీడను విడిచి రాదు.

పనిముట్లు

మన తాతలు వెదురు గడకు దారము కట్టి, జొన్నదంటు బెండు తగిలించి, వానపామునో చిన్న పరకనో ఎరగా గుచ్చి పట్టెడివారు. ఆ పద్ధతిలో తప్పేమియు లేదు. పిల్లలు నేర్చుకొనుటకు నేటికిని అదియే మేలు. అయితే కలుపు దట్టముగా ఉన్న చోట బెండు గాలము ప్రతిసారి చిక్కుకొనును. అందుకే ఇప్పుడు రబ్బరు కప్పను వాడుచున్నారు. ఇది లోపల బోలుగా నుండు మెత్తని బొమ్మ. గాలపు మొనలు పైకి తిరిగి కప్ప వీపునకు ఆనుకొని యుండును. ఆకుల మీదుగా లాగినను చిక్కదు. చేప కరచినప్పుడు రబ్బరు అణగి మొనలు బయటపడును.

బ్రతికిన కప్పను గాలమునకు గుచ్చుట కొన్నిచోట్ల ఇంకను కలదు. ఇది మానవలెను. వరిమడిలో పురుగులను తిని మన పంటను కాపాడు ప్రాణిని గాలమునకు గుచ్చుటకంటె బుద్ధితక్కువ పని రైతునకు వేరొకటి లేదు. రబ్బరు కప్ప ఒకటి కొన్నచో ఎన్నో వారములు వచ్చును.

గడ ఆరున్నర మొదలు ఏడు అడుగుల పొడవు, కొనయందు మరీ మెత్తనగాక ఉండవలెను. దారము పేనినదైనచో మంచిది. సాధారణ నైలాను తీగ సాగును. సాగు తీగతో కలుపులో దూరిన చేపను బయటకు లాగుట కష్టము. సన్నని దారముతో ఆట బాగుండునని కొందరందురు. తెగిన దారముతో, నోట గాలముతో తిరుగు చేపకు అది ఆట కాదు. రీలు విషయములో ఎక్కువ వ్యయము అనవసరము. బిగువు సరిచేయుటకు వీలున్న సామాన్యపు రీలు చాలును. వీటితోపాటు ఒక చేతివల, పొడుగు మూతిగల శ్రావణము, దారము కోయుటకు కత్తెర తప్పక ఉండవలెను. కొరమీను నోట వాడియైన పండ్లుండును, ఒడలంతయు జిగురు. వ్రేళ్ళతో గాలము తీయబోయి నెత్తురు కార్చుకొనినవారు చాలామంది గలరు.

గాలపు మొన వెనుక చిన్న ఎదురుముల్లు ఉండును గదా, దానిని శ్రావణముతో నొక్కి అణచివేయుడు. దారము బిగువుగా ఉన్నంతవరకు చేప జారదు, విడువదలచినప్పుడు నోరు చిరుగక గాలము వచ్చును.

విసరునప్పుడు చేప ఉన్నదనుకొన్న చోటనే కప్పను పడవేయరాదు. దానిని దాటి నాలుగైదు గజముల ఆవల పడవేసి, ఆకులపై మెల్లగా ప్రాకించి, సందు వచ్చిన చోట ఒక్కక్షణము ఆపవలెను. ఆ ఆగుటలోనే కరచును. నీరు ఎగజిమ్మి పెద్ద చప్పుడగును. అప్పుడు గుండె ఝల్లుమని గడను వెనుకకు లాగుట మనుష్య స్వభావము. అట్లు లాగినచో కప్ప వట్టిదే తిరిగివచ్చును. ఒకటి, రెండు అని మనసులో లెక్కించి, దారము బరువెక్కిన తరువాత గట్టిగా ఎత్తవలెను. ఈ రెండంకెలు లెక్కించుట నేర్చుకొనుటకు నాకు ఒక వానకాలము పూర్తిగా పట్టినది.

ఎఱ్ఱని పిల్లల గుంపు

తొలకరితో కొరమీను గ్రుడ్లు పెట్టు కాలము ఆరంభమగును. తక్కిన మాసములలో కొద్దిగా పెట్టినను వానకాలమే ముఖ్యము. గట్టునకు దగ్గరగా, లోతు తక్కువ ఉన్న చోట కలుపును తొలగించి పళ్ళెమంత స్థలమును జంట శుభ్రము చేసికొనును. గ్రుడ్లు నీటిపై తేలుచుండును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెలువడును. కొన్ని దినములకు అవి నారింజ వన్నెగల గుంపుగా ఏర్పడి, అన్నియు కలసి గాలికై పైకి వచ్చుచు మునుగుచు తిరుగును. దూరమునుండి చూచినచో ఆ చోట మాత్రమే వాన చినుకులు పడుచున్నట్లు ఉండును. ఆ గుంపు క్రింద తల్లిదండ్రులు, అందును ముఖ్యముగా మగచేప, కాపలా కాయుచుండును. ఈ కాపలా సుమారు నెల దినములు సాగును.

కొన్ని సంవత్సరముల క్రిందట, ఆరుద్ర కార్తెలో ఒక చిన్న చెరువుపై నాకు ఇట్టి గుంపు కనబడినది. ఆ ప్రక్కన కప్ప పడవేసినచో పెద్ద చేప తప్పక పట్టునని ఎవరో చెప్పగా వినియుంటిని. అట్లే చేసితిని. మొదటి విసురుకే పడినది. రెండు కిలోలకు తక్కువ లేదు. సంతోషముతో సంచిలో వేసికొని, ఇంకొకటి దొరకునేమోనని అక్కడనే నిలిచితిని. పావుగంట కాలేదు. గుంపు చుట్టును నీరు కలగసాగినది. మొదట జెల్లలు, తరువాత మట్టగిడసలు వచ్చినవి. ఒక నీరుకాకి కూడ వచ్చి చేరినది. ప్రొద్దు నాలుగు బారలు ఎక్కునప్పటికి ఆ ఎఱ్ఱని మరక నీటిపై లేదు. ఆ చేప ఆకలిచే నా కప్పను పట్టలేదు. పిల్లలపైకి వచ్చిన శత్రువనుకొని పట్టినది. అందుచేతనే అంత సులభముగా దొరికినది. ఆనాటి కూర ఇంటివారందరు మెచ్చిరి. నాకు మాత్రము సహింపలేదు.

కావున పిల్లల గుంపు కనబడిన చోట గాలము వేయకుడు. పొరపాటున కాపు చేప పడినచో, చేతులు తడిచేసికొని, ఇసుకపై పొరలించక, నీటి ఒడ్డుననే గాలము తీసి వెంటనే అక్కడనే వదలివేయవలెను. పట్టి, దూరముగా మోసికొనిపోయి, ఫొటో తీయించుకొని వేరొక చోట వదలుట వలన ప్రయోజనము లేదు. అది తిరిగి గుంపును చేరులోపల గుంపు మిగులదు.

అమెరికాలో ఈ వేటకు సాటి వచ్చునది పెద్దనోటి బాస్ వేట. రబ్బరు కప్ప అక్కడ కలుపు నీటిలోని బాస్ కొరకు విశేషముగా వాడబడును. బాస్ కూడ కొరమీను వంటిదే. మగచేప గూటిని కాయును, దానిని తొలగించినచో ఇతర చేపలు నిమిషములలో గ్రుడ్లను తినివేయును. కెనడాలో ఒంటారియోలోని అనేక ప్రాంతములలో ఈ కారణముచేతనే గూడు కట్టు ఋతువున బాస్ వేటను మూసివేయుదురు. 1972లో రే స్కాట్ అను ఆయన తాను నడుపు బాస్ పోటీలలో, పట్టిన చేపను తూచి ప్రాణముతో తిరిగి వదలవలెనను పద్ధతిని ప్రవేశపెట్టెను. నేడది అక్కడి వేటగాండ్రలో మర్యాదగా స్థిరపడినది. 1932లో జార్జియా రాష్ట్రములో జార్జి పెర్రీ అనునతడు పట్టిన 22 పౌనుల 4 ఔన్సుల బాస్, అనగా సుమారు పది కిలోలది, ప్రపంచములో అన్నింటికంటె పెద్దదిగా చాలకాలము నిలిచినది. 2009లో జపాను దేశపు బివా సరస్సులో మనాబు కురిటా పట్టినది దానికి సరితూగినది. అక్కడ స్థిరపడిన మన పిల్లలు గాలము వేయదలచినచో ఆయా రాష్ట్రపు అనుమతి చీటి ముందుగా తీసికొనవలెను. మన ఊరి చెరువువలె కట్టపై కూర్చుండి వేయుటకు వీలులేదు.

నిజమునకు మన ఊరి చెరువులోను వీలులేదు. చెరువులోని చేపపై హక్కు సాధారణముగా ఆ ఊరి మత్స్య సహకార సంఘమునకో, వేలములో పాడుకొన్నవారికో ఉండును. వారికది జీవనోపాధి. కట్టపై అడుగిడుటకు ముందు సంఘపు పెద్దను అడుగుట న్యాయము. ఒకటి రెండు చేపలకు కాదనువారు అరుదు. అడుగక వచ్చి సంచులు నింపుకొని పోవువారివలననే తగవులు పుట్టుచున్నవి. పంచాయతీవారు, సంఘమువారు కలసి, పిల్లల గుంపులు కనబడు దినములలో గాలము వేయరాదని, ముప్పది సెంటీమీటర్లకు తక్కువగు చేపను వదలవలెనని తీర్మానము చేసి కట్టపై పలక వ్రాయించిన బాగుండును. కొల్లేరు, పాకాల వంటి అభయారణ్యములలో అటవీశాఖ అనుమతి లేనిదే గాలము తీయనేరాదు. ఇక మందుగుండుతోను, విషముతోను చేపలు పట్టుట 1897 నాటి మత్స్య చట్టముననే నిషేధింపబడినది. అట్టివారిని చూచినప్పుడు గ్రామాధికారులు ఉపేక్షింపరాదు.

కొరమీను బొచ్చె పిల్లలను తినివేయునని, కనుక అది పోయినను మేలేయని వాదించువారు గలరు. చిన్నపిల్లలను తినుమాట నిజమే. దానికి మార్గము, నీరు నిలుచు చెరువులలో 80 మొదలు 100 మిల్లీమీటర్ల వరకు పెరిగిన పిల్లలను వదలుట. అంగడిలో అన్నింటికంటె ఎక్కువ ధర పలుకు చేపను, దాణా లేక తానే పెరుగుదానిని, శత్రువుగా ఎంచుట నాకు సరిగా తోచదు.

చెరువు కడ జాగ్రత్తలు కొన్ని చెప్పవలసియున్నది. పూడిక తీసిన చెరువులలో ఒడ్డునకు దగ్గరగనే నిలువెత్తు గుంతలుండును. మోకాలిలోతున్న చోట రెండవ అడుగు మునుగవచ్చును. ఈత వచ్చినను ఒంటరిగా దిగవద్దు. తూము సమీపమున అసలే దిగవద్దు. కార్బను గడలు విద్యుత్తును ప్రసరింపజేయును. కట్ట మీదుగా కరెంటు తీగలు పోవుచున్నచోట గడ ఎత్తరాదు. ఉరుము వినబడగానే గడను క్రింద పెట్టి వెడలిపోవలెను. తెగిన దారమును, వంగిన గాలములను గట్టుపై విడువక ఇంటికి తీసికొనిపోవలెను. నీరు త్రాగవచ్చిన గేదె మూతికి గాలము దిగినచో దాని బాధ ఎట్టిదో పశువులున్నవారికి వేరుగ చెప్పనక్కరలేదు. సాయంత్రము గాలములను పుల్లలకు కట్టి రాత్రంతయు విడుచు అలవాటును మానవలెను. ఉదయమునకు వాటికి తాబేళ్ళు, నీటిపాములు చిక్కియుండును.

గాలము మన వ్రేలికే దిగినచో, ఎదురుముల్లు అణచినదైన ఎడల వచ్చిన దారినే సులభముగా వెలువడును. అణచనిదైనచో గుంజక, దారమును కోసి, అట్లే ఆసుపత్రికి పోవలెను. రెండింటిలో ఏదియైనను ధనుర్వాతము రాకుండుటకు సూది వేయించుకొనుట మరువరాదు.