మొదటి పిస్టల్ కొనే ముందు ట్రిగ్గర్ సంగతి తెలుసుకోండి

అమెరికాలో టార్గెట్ షూటింగ్ నేర్చుకుందామనుకునే మన ఆడవాళ్ళకి తుపాకుల షాపు కౌంటర్ దగ్గరే మొదటి చిక్కు. రివాల్వరా, సెమీ ఆటోమేటిక్ పిస్టలా? సింగిల్ యాక్షనా, డబుల్ యాక్షనా? తలా ఒక మాట చెప్తారు. "లేడీస్‌కి చిన్న రివాల్వర్ చాలు" అన్న సలహా మాత్రం తరచూ వినిపిస్తుంది. గురి నేర్చుకునేవాళ్ళని బాగా ఇబ్బంది పెట్టేది అదే.

అసలు ముందు చూసుకోవాల్సింది వీసా. హెచ్1బి, హెచ్4, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ, తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. రేంజ్‌లో అద్దెకి తీసుకున్నా అంతే. వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి కానీ, లాయర్‌ని అడగకుండా వాటిని నమ్ముకోకండి. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళకి ఈ అడ్డు లేదు. మీ రాష్ట్రం చట్టాలు మాత్రం చూసుకోవాలి.

ఇక యాక్షన్ అంటే, ట్రిగ్గర్ నొక్కినప్పుడు లోపల జరిగే పని. సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్‌ది ఒక్కటే పని, ముందే వెనక్కి లాగి ఉన్న హ్యామర్‌ని వదలడం. దానికి సుమారు 3 నుంచి 5 పౌండ్ల బలం చాలు. డబుల్ యాక్షన్‌లో హ్యామర్‌ని లాగడం, వదలడం రెండూ మీ వేలే చెయ్యాలి. రివాల్వర్లలో అది 10, 12 పౌండ్ల దాకా ఉంటుంది. ఇండియన్ స్టోర్‌లో 10 పౌండ్ల బియ్యం సంచీని ఒక్క వేలితో లాగడం ఊహించుకోండి. చిన్న రివాల్వర్ బరువేమో ఒక పౌండు చిల్లర. ఒక పౌండు వస్తువు మీద 10 పౌండ్ల బలం పడితే అది కదలకుండా ఎలా ఉంటుంది? గురి తప్పేది అక్కడే.

బెరెట్టా 92 లాంటి వాటిలో మొదటి షాట్ డబుల్, తర్వాతవి సింగిల్. అంటే రెండు రకాల నొక్కుడు నేర్చుకోవాలి. గ్లాక్ లాంటి స్ట్రైకర్ పిస్టల్స్‌లో ప్రతిసారీ ఒకేలా ఉంటుంది. అది మంచిదే కానీ, 9 ఎంఎం తూటా కుదుపు కొత్తవాళ్ళని భయపెడుతుంది. భయపడితే కళ్ళు మూసుకుంటాం.

అందుకే నేను చెప్పేది, పాయింట్ 22 తూటా వాడే సింగిల్ యాక్షన్ పిస్టల్. రూగర్ మార్క్ 4 అలాంటిదే. రివాల్వరే ఇష్టమైతే, హ్యామర్‌ని బొటనవేలితో లాగి సింగిల్ యాక్షన్‌లా కాల్చగల పెద్ద సైజు పాయింట్ 22 తీసుకోండి. చిన్న తూటా అని చిన్నచూపు వద్దు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో రజతం, టీమ్‌తో స్వర్ణం గెలిచిన పోటీల్లో వాడేది కూడా పాయింట్ 22 పిస్టలే.

ఒక్క విషయంలో రివాల్వర్‌దే పైచేయి. సిలిండర్ పక్కకి తీస్తే తూటాలు ఉన్నాయో లేవో కంటికి కనిపిస్తుంది. పిస్టల్‌లో మ్యాగజైన్ తీసేసినా ఛాంబర్‌లో ఒక తూటా మిగిలి ఉండొచ్చు. మ్యాగజైన్ తీశాక స్లయిడ్ గానీ బోల్ట్ గానీ వెనక్కి లాగి, లోపల చూడటం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

కొనకముందు ఇన్‌స్ట్రక్టర్ దగ్గర రెండు మూడు రకాలు కాల్చి చూడండి. ఇంటికొచ్చాక వంటింట్లోకి వెళ్ళే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి, సీసం పొడి అంటుతుంది. గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా రేంజ్‌కి వెళ్ళొద్దు. పిల్లలున్న ఇంట్లో తుపాకి కన్నా ముందు తాళం వేసే సేఫ్ రావాలి. తూటాలకి వేరే తాళం ఉండాలి.