తిన్నా తీరని ఆకలి

మా అవనిగడ్డ వైపు అతిథికి మారు వడ్డించకపోతే మర్యాద తప్పినట్టే. అంత తిన్నా కొందరికి రెండు గంటల్లోనే మళ్లీ ఆకలి. మా తోడికోడలిదీ ఇదే బాధ. "అన్నం మానేయనా అక్కా?" అంది. ముందు కంచంలో ఏముందో చూడమన్నాను. బాగా పాలిష్ పట్టిన బియ్యం, పల్చటి చారు, పచ్చడి. అంతే!

పాలిష్‌లో తవుడుతోపాటు పీచూ పోతుంది. అలాంటి అన్నం త్వరగా అరుగుతుంది. పొట్ట సాగినంత మాత్రాన తృప్తి రాదు. మాంసకృత్తులు, కొవ్వు పేగుల్లోకి చేరాక అక్కడి హార్మోన్లు 'ఇక చాలు' అని మెదడుకు కబురంపాలి. అందుకు ఇరవై నిమిషాలైనా పడుతుంది. గబగబా తినేవాళ్లు ఈలోపే కంచం ఖాళీ చేస్తారు. కొవ్వు కణాల్లో పుట్టి ఆకలిని అదుపుచేసే లెప్టిన్‌ను 1994లో, ఆకలి రేపే గ్రెలిన్‌ను 1999లో కనుగొన్నారు. గుడివాడలో చదివే మా అబ్బాయిలా అర్ధరాత్రి దాకా మేలుకుంటే ఆకలి ఇంకా పెరుగుతుంది.

మాంసకృత్తులకు మా దివిసీమలో లోటు లేదు. వరి కోతకు ముందే తడి చేలో మినుములు చల్లుతాం. పంటంతా అమ్మేసి ఇంట్లో పప్పు తగ్గించి వండుకోవడం నాకు కష్టంగా ఉంటుంది. బందరు గిలకలదిండి రేవులో చేపలకూ కొదవలేదు. ఒక గరిటె అన్నం తగ్గించి పప్పో చేపో, గోంగూరో పెంచండి.

ఆకలితోపాటు విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం ఉంటే వెంటనే షుగర్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా ఇలా అవుతుంది. స్టెరాయిడ్ మాత్రలూ ఆకలి పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకుండా, రాసిన డాక్టరుకే చెప్పండి.