హోర్ముజ్ పక్కింట్లో ఉన్నవాళ్ల లెక్క

మస్కట్‌లో కాపురముండే మనకు హోర్ముజ్ జలసంధి అంటే వార్తల్లో మాట కాదు, పక్కిల్లు. ఇటు ఒమన్‌లోని ముసందం కొన, అటు ఇరాన్. బాగా ఇరుకైన చోట మధ్య దూరం 33 కిలోమీటర్లే. భారత్ వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. అందులో పెద్ద వాటా ఈ సందులోంచే వస్తుంది.

దారి మూసుకుపోతే? మన విశాఖలో భూగర్భాన రాతిని తొలిచి 13.3 లక్షల టన్నుల చమురు దాచుకునే గుహలు కట్టారు. మంగళూరు, పాదూరులతో కలిపితే 53.3 లక్షల టన్నులు. అన్నీ నిండా ఉన్నా దేశానికి తొమ్మిది, పది రోజులకు సరిపోతుందంతే. చమురు కంపెనీల దగ్గరుండే నిల్వలు వేరనుకోండి. ఎదుగుతున్న శక్తి అని సభల్లో చెప్పుకుంటున్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఈ తొమ్మిది రోజుల లెక్కే.

అందుకే 'భారత్ ఎటూ తేల్చదు' అనే విమర్శ నాకు మింగుడుపడదు. ప్రధాని మోదీ 2017లో ఇజ్రాయెల్ వెళ్లారు. 2018 ఫిబ్రవరిలో ఒకే పర్యటనలో పాలస్తీనా, యూఏఈ, ఒమన్ చుట్టారు. మన నౌకాదళానికి దుక్మ్ రేవులో వెసులుబాటు దొరికింది ఆ పర్యటనలోనే. ఇరాన్‌లోని చాబహార్ సంగతి మాత్రం కష్టంగానే ఉంది. 2024 మేలో పదేళ్లకు ఒప్పందం చేసుకున్నాం. మరుసటి ఏడాదే అమెరికా ఆంక్షల మినహాయింపు తీసేస్తున్నట్టు ప్రకటించి, తర్వాత ఆరు నెలల గడువిచ్చింది. అదే తీరంలో తూర్పున చైనా కట్టిన గ్వాదర్ ఉంది. 2025 సెప్టెంబరులో సౌదీ, పాకిస్థాన్ రక్షణ ఒప్పందం చేసుకున్నాయి. లక్షల మంది మనవాళ్లకు అన్నం పెడుతున్న దేశం సౌదీ. దాంతో తగవు పెట్టుకోలేం, చూసీ చూడనట్టు ఊరుకోనూ లేం.

సముద్రంలో మాత్రం మన చేయి బలపడింది. 2023 డిసెంబరులో గుజరాత్ తీరానికి దూరంగా కెమ్ ప్లూటో నౌకపై డ్రోన్ పడ్డాక యుద్ధనౌకలను అరేబియా సముద్రంలో మోహరించారు. 2024 మార్చిలో రుయెన్ నౌకను దొంగల చేతుల్లోంచి విడిపించి, 17 మంది సిబ్బందిని కాపాడారు. 35 మంది దొంగలు లొంగిపోయారు.

అయితే మనుషుల్ని తరలించడం నౌకను కాపాడినంత తేలిక కాదు. 1990లో కువైట్ నుంచి లక్షా 70 వేల మందికి పైగా భారతీయులను అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. రెండు నెలలు పట్టింది. 2015లో యెమెన్ నుంచి తెచ్చిన భారతీయులు 4,600 పైచిలుకు. ఇప్పుడు ఆరు గల్ఫ్ దేశాల్లో మనవాళ్లు సుమారు 90 లక్షలు. ఇంతమందిని ఏ దేశమూ విమానాల్లో తేలేదు. కాబట్టి అన్ని రాజధానులతో మాటలు నడిచేలా చూసుకోవడమే మనకున్న అసలు రక్షణ అని నా నమ్మకం.

అంతటి అవసరమే వస్తే విమానం ముందు ఎవరికి దొరుకుతుంది? చేతిలో పాస్‌పోర్టు, చెల్లే వీసా ఉన్నవాళ్లకి. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చి కంపెనీ వదిలేసి ఖల్లివల్లిగా తిరుగుతున్న కుర్రాడికి కాదు. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికొచ్చి, పాస్‌పోర్టు యజమాని బీరువాలో చిక్కుకున్న అక్కలకీ కాదు. వాళ్లకు ముందు ఎంబసీ నుంచి అవుట్‌పాస్ కావాలి. మామూలు రోజుల్లోనే దానికోసం వారాలు తిరగాలి. యుద్ధ విమానాల మోత మొదలయ్యాక ఎవరు తిరగగలరు? విదేశాంగ విధానం గురించి మనం వాట్సాప్‌లో గంటలు వాదించుకుంటాం, ఈ జాబితా సంగతి ఎవరూ ఎత్తరు. మీ క్యాంపులో, మీ వీధిలో ఎంబసీ దగ్గర పేరు నమోదు కానివాళ్లు ఎందరున్నారో వచ్చే శుక్రవారం ఓసారి అడిగి చూడండి.