పంట నష్టం డబ్బులు: ఎకరానికి ఎంతొస్తుంది? ఎవరి ఖాతాలో పడుతుంది? 33 శాతం రూల్ ఏంటి?

తుపాను తీరం దాటింది.. నీళ్లు లాగేశాయి.. కోతకొచ్చిన వరి నేలకొరిగింది. టీవీలో 'రైతులను ఆదుకుంటాం' అన్న ప్రకటన కూడా వచ్చేసింది. మరి చేతికొచ్చేది ఎంత? 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటినప్పుడు డెల్టా ఊళ్లల్లో ఇదే చర్చ. ఆ తర్వాత వచ్చిన ప్రతి వానకీ ఇదే చర్చ.

అందరం నష్టపరిహారం అంటాం కానీ, సర్కారు కాగితాల్లో దీని పేరు 'ఇన్‌పుట్ సబ్సిడీ'. అంటే పోయిన పంట విలువ కట్టి ఇచ్చేది కాదు. మళ్లీ సాగు మొదలుపెట్టడానికి విత్తనం, ఎరువుల ఖర్చుకి ఇచ్చే సాయం అన్నమాట. డబ్బు రాష్ట్ర విపత్తు నిధి నుంచి వస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఆ నిధిలో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది.

2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం పెట్టిన రేట్లు చూడండి. నీటి వసతి ఉన్న పొలానికి హెక్టారుకు రూ.17,000. వర్షాధారమైతే రూ.8,500. తోటలకు రూ.22,500. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు కాబట్టి, మాగాణికి ఎకరానికి సుమారు రూ.6,880 పడుతుంది. దమ్ము, నాట్లు, ఎరువులు, మందులు, కోత కలిపితే ఎకరా పెట్టుబడికి ఇది ఏ మూలకీ రాదు. అందుకే రాష్ట్రాలు పైన కొంత కలుపుతుంటాయి. 2024 సెప్టెంబర్ వరదలకి ఏపీ వరికి హెక్టారుకు రూ.25,000 ప్రకటించింది. అదే వరదలకి తెలంగాణ ఎకరానికి రూ.10,000 అంది. 2023 మార్చి వడగళ్ల వానకీ అక్కడ అదే లెక్క.

ఇంకో మెలిక ఏంటంటే.. కేంద్రం రూల్స్‌లో పరిమితి 2 హెక్టార్లే. ఎనిమిదెకరాలు మునిగినా లెక్కలోకి వచ్చేది సుమారు ఐదెకరాలు.

ఇక 33 శాతం సంగతి. పంటలో మూడో వంతు పోతేనే సాయం. 2015 ఏప్రిల్ దాకా ఇది 50 శాతంగా ఉండేది, తర్వాత తగ్గించారు. కానీ మీ పొలంలో నష్టం 30 శాతం అని రాశారంటే.. వచ్చేది సున్నా! కాబట్టి వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది చూడ్డానికి వచ్చిన రోజు రైతు గట్టు మీద ఉండటం చాలా ముఖ్యం. నీళ్లు నిలబడినప్పుడు, వెన్నుకి మొలకలొచ్చినప్పుడు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. తర్వాత అభ్యంతరం చెప్పాల్సి వస్తే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

అన్నిటికన్నా పెద్ద చిక్కు కౌలు రైతులది. ఏపీలో ఈ-పంటలో ఎవరి పేరు ఎక్కిందో వాళ్లే లెక్కలో ఉంటారు. 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు గడువు 11 నెలలు. అది రావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. భూమి మీద హక్కు పోదని చట్టం చెబుతున్నా, చాలామంది భయంతో సంతకం పెట్టరు. దాంతో పెట్టుబడి పెట్టింది ఒకరు, అప్పు చేసింది ఒకరు.. మెసేజ్ మాత్రం ఇంకొకరి ఫోన్‌కి! ఇచ్చే యజమానులు ఇస్తారు. ఇవ్వకపోతే అడగడానికి కౌలు రైతు దగ్గర కాగితమే ఉండదు.

పంటల బీమా వేరు, ఇది వేరు. ఫసల్ బీమాలో ప్రీమియం కట్టిన రైతు, తన పొలానికి నష్టం జరిగితే 72 గంటల్లోపు చెప్పాలి. కోసి పొలంలో ఆరబెట్టిన పంటకి కూడా 14 రోజుల వరకు అందులో రక్షణ ఉంది. ఈ విషయం చాలామందికి తెలీదు.

ఏపీలో నష్టపోయిన రైతుల జాబితాని రైతు సేవా కేంద్రంలో అంటిస్తారు. అక్కడికెళ్లి పేరు, సర్వే నంబర్, విస్తీర్ణం, బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకు.. నాలుగూ చూసుకోండి. తప్పుంటే గడువులోపే రాసివ్వాలి. నోటిమాటగా చెప్పొస్తే కుదరదు.